గెలాక్సీలను వర్గీకరించినవారు ఎందుకు వచ్చిరి?

అమెరికాలోని న్యూమెక్సికోలో స్లోన్ దూరదర్శిని తీసిన చిత్రములలో సుమారు 9 లక్షల గెలాక్సీలను విడివిడిగా పరీక్షింపవలసి వచ్చెను. సుడి ఆకారము గలది ఏది, కోడిగ్రుడ్డువలె నున్నది ఏది అని తేల్చుటకు ఆ నాళ్లలో యంత్రముకంటె మనుష్యుని కన్నే నమ్మదగినది. ఆక్స్‌ఫర్డులో ఒక పరిశోధకుడు ఒంటరిగా 50 వేల చిత్రములు చూచి అలసిపోయెను. అందుచే 2007 జూలైలో ‘గెలాక్సీ జూ’ అను పేరుతో ఆ చిత్రములను ఇంటర్నెట్టులో ప్రజలముందుంచిరి. ఏడాదిలో లక్షన్నర మంది 5 కోట్ల పర్యాయములు తీర్పు చెప్పిరి!

వీరికి జీతము లేదు. మరి ఎందుకు వచ్చిరి? అది తెలియనిచో వారిని నిలుపుకొనుటెట్లు?

మనమైతే మనకు తోచిన నాలుగు కారణములు అచ్చువేసి, వానిలో ఒకటి గుర్తింపుడనెదము. అప్పుడు మన ఊహయే మనకు తిరిగివచ్చును. ఈ పరిశోధకులు అట్లు చేయలేదు. మొదట 22 మందితో సంభాషించి, వారి అనుభవమును వారి మాటలలోనే చెప్పనిచ్చిరి. ఆ మాటలనుండి 12 కారణములు ఏర్పడెను. చిత్రముల అందము, విశ్వముయొక్క వైశాల్యము, క్రొత్తది నేర్చుకొనుట, ఎవరును చూడనిదానిని చూచుట, వినోదము, విజ్ఞానమునకు తోడ్పడుట మొదలగునవి వానిలోనివి. 2010లో ఇది ప్రకటితమైనది.

పిదప ఆ 12 కారణములతో ప్రశ్నాపత్రము సిద్ధమయ్యెను. ప్రతి కారణము మీకెంత ముఖ్యమని అడుగుటతో ఆగక, అన్నిటికంటె ముఖ్యమైనది ఏదని కూడ అడిగిరి. ఈ రెండవ ప్రశ్న మిక్కిలి అవసరము. ఏలయన, అందమైన చిత్రములు మీకు ఇష్టమా అనిన కాదనువారెవరు? 10,992 మంది సమాధానమిచ్చిరి. వారిలో నూటికి 39.8 మంది నిజమైన పరిశోధనకు తోడ్పడుటయే ముఖ్యకారణమనిరి. 2013లో ఈ ఫలితములు వెలువడినవి. వినోదమే ప్రధానమని తలచి ఆటవస్తువువలె పని కల్పించువారు ఈ సంఖ్యను గమనింపదగును.

అయితే సమాధానమిచ్చినవారెవరు? పనిపై మక్కువ గలిగి, ప్రశ్నలకు కూడ తీరిక చేసికొన్నవారు. పది చిత్రములు చూచి విసిగి వెడలినవాడు ప్రశ్నాపత్రము నింపడు. ఆ 39.8ని లక్షన్నర మందికిని అన్వయింపరాదు.

ఇట్టి చిక్కు గెలాక్సీల విషయములోనే ఒకటి కలిగెను. సుడులలో అపసవ్యముగా తిరుగునవి ఎక్కువని ప్రజల తీర్పులు చూపెను. అవే చిత్రములను అద్దములోవలె త్రిప్పి చూపినను అపసవ్యమే ఎక్కువని వచ్చెను! లోపము ఆకాశములో లేదు, మన చూపులో నున్నది.

ప్రశ్నాపత్రమును అట్లు త్రిప్పి చూచుట సాధ్యము కాదు. కాని చేరునపుడే రెండు ప్రశ్నలడిగి, కొన్ని వారములకు మరల అడిగినచో, నడుమ మానినవారి మొదటి సమాధానములైనను చేతిలో నుండును. వానిని నిలిచినవారి సమాధానములతో పోల్చవచ్చును.