మాట పెగలని ఆలుమగలకు బొమ్మల వైద్యం

"మీ నాయన్ను బువ్వకు రమ్మను" అని తల్లి కొడుకుతో అంటుంది. "ఆకలి లేదని చెప్పు మీయమ్మకు" అని తండ్రి అదే కొడుకుతో అంటాడు. ఇద్దరూ ఉన్నది ఒకే వసారాలో. పదేళ్ల పిల్లవాడు టపా బంట్రోతులా అటూ ఇటూ తిరుగుతుంటాడు.

ఇలాంటి ఇళ్లు ఏ ఊళ్లో వెతికినా నాలుగైదు ఉంటాయి. కొట్లాట జరిగితే పెద్దమనుషులు కూర్చుని ఏదో ఒకటి తేలుస్తారు. కొట్లాటా లేక, మాటా లేక రోజులు గడిచే ఇంటి సంగతి వారి దాకా రానే రాదు. బోరు ఎండిపోవచ్చు, నేసిన చీరకు గిట్టుబాటు రాకపోవచ్చు, వడ్డీ పెరిగిపోవచ్చు. కారణం ఏదైనా ముందుగా తగ్గిపోయేది ఇద్దరి మధ్య మాటే.

అటువంటి దంపతుల చేత మాట్లాడించే ముందు బొమ్మ గీయించే పద్ధతి ఒకటి ఉంది. ఆర్ట్ థెరపీ అంటారు. చిత్రకళా చికిత్స అని మనం చెప్పుకోవచ్చు.

క్షయ ఆస్పత్రిలో మొదలు

ఈ పేరు పెట్టినవాడు ఏడ్రియన్ హిల్ అనే ఇంగ్లండు చిత్రకారుడు. క్షయ సోకి ఆస్పత్రిలో ఉన్నప్పుడు బొమ్మలు గీస్తే తన మనసు కుదుటపడటం ఆయన గమనించాడు. తోటి రోగుల చేత కూడా గీయించాడు. 1942లో ఆ పనికి ఆర్ట్ థెరపీ అని పేరు పెట్టాడు. దీన్ని భార్యాభర్తల దాకా తెచ్చింది అమెరికాలో. అక్కడి జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో హన్నా క్వియట్కోవ్‌స్కా అనే ఆమె రోగితో పాటు కుటుంబాన్ని కూడా కూర్చోబెట్టి గీయించేది. అదే సంస్థలో పనిచేసిన హారియెట్ వాడెసన్ 1970 దశకం మొదట్లో దంపతుల కోసమే కొన్ని పద్ధతులు రాసి ప్రచురించింది.

అందులో ఒకటి చాలా తేలిక. పెద్ద కాగితం ఒకటి పరుస్తారు. ఇద్దరూ కలిసి దాని మీద ఒకే బొమ్మ వేయాలి. వేస్తున్నంత సేపూ నోరు విప్పకూడదు. ఎవరి గీత ఏదో తెలియడానికి రంగులు వేరుగా ఇస్తే సరి.

చెయ్యి ఎక్కడ ఆగింది?

ఒక జంట కూర్చున్నారనుకుందాం. ఆయన కాగితం నడిమధ్యన ఇల్లు గీశాడు. ఆమె ఒక మూలన బావి గీసింది. కాసేపటికి ఆయన ఇంటి నుంచి బాట వేసుకుంటూ వచ్చి ఆ బావి మీదుగానే పోనిచ్చాడు. ఆమె ఏమీ అనలేదు, అనకూడదని నియమం కదా. కానీ చెయ్యి ఆగిపోయింది. అంతా అయ్యాక వైద్యుడు అడుగుతాడు: "అమ్మా, నీ చెయ్యి అక్కడ ఆగిందేం?" ఆమె జవాబు బావితో మొదలై, పోయినేడు తనతో ఒక్క మాటైనా చెప్పకుండా అమ్మేసిన గేదె దగ్గర తేలవచ్చు. ఆయనకు గేదె సంగతి గుర్తుంది. ఆమెకు అంత బాధ కలిగిందని తెలియదు.

ఇదే సంగతి ఇంట్లో ఎత్తితే జగడమయ్యేది. ఆయన మొదటి ముక్క అనగానే చివరి ముక్క ఏమిటో ఆమెకు తెలుసు. ఆమె మాటలూ ఆయనకు కంఠతా వచ్చు. కాగితం ముందు ఇద్దరికీ ఆ అలవాటు లేదు. పైగా ఇద్దరి చూపూ బొమ్మ మీద ఉంటుంది గాని ఒకరి మొగం మీద ఒకరికి ఉండదు. అందుకే మాట కొంచెం సులువుగా బయటికి వస్తుంది.

నలుపు వేస్తే దుఃఖం, ఎరుపు వేస్తే కోపం అని చెప్పేవారి మాట నమ్మవద్దు. అది సోదె అవుతుంది గాని వైద్యం కాదు. గీసినవారిని అడగందే ఏ బొమ్మకూ అర్థం తెలియదు.

2019లో అమెరికాలోని బేలర్ విశ్వవిద్యాలయం వారు 20 జంటలను పరిశీలించారు. కొందరి చేత కలిసి ఆటలాడించారు, కొందరిని బొమ్మల తరగతికి పంపారు. ఆత్మీయతకు సంబంధించిన ఆక్సిటోసిన్ అనే హార్మోను రెండు రకాల జంటల్లోనూ వెలువడింది. అందరికన్నా ఎక్కువగా వెలువడింది బొమ్మలు వేసిన మగవారిలో. ఇరవై జంటలతో లోకమంతటికీ తీర్పు చెప్పలేం గాని, "మగవాడికి బొమ్మలేమిటి" అని నవ్వేవారికి ఇది జవాబే.

మన శ్రీ సత్యసాయి జిల్లా వారికి ఆ మాట చెప్పనక్కరలేదు. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే ఇళ్లలో ఆడా మగా ఇద్దరూ మేకతోలు ముందు కూర్చుంటారు. గీతలు గీయడం, రంధ్రాలు కొట్టడం, రంగులద్దడం వారికి ఇంటిల్లిపాది పని. అది వారి బతుకుతెరువు, చికిత్స కాదు.

ఎవరికి పనికిరాదు

భర్త కొడుతున్న ఇంట్లో ఈ కాగితం పరచకూడదు. భయంతో గీసిన గీత నిజం చెప్పదు. చెబితే ఆ రాత్రి ఆమెకే ముప్పు. అక్కడ కావలసింది 2005 నాటి గృహహింస చట్టం, 181 నంబరుకు ఫోను. తాగుడుకు వేరే వైద్యం ఉంది. ఈ చికిత్సలో శిక్షణ పొందినవారు పల్లెల్లో అరుదు. మనసు బాగాలేనివారు 14416కు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు అక్కరలేదు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ నంబరు అది.

కేవలం మాట తగ్గిన దంపతులైతే ఇంట్లోనే ప్రయత్నించవచ్చు. పిల్లవాడి నోటుపుస్తకంలో నడిమి కాగితం జంటగా చించుకుంటే చాలు. అదీ లేకపోతే నాపరాయి మీద సుద్దముక్కలు. పావుగంట గీయండి. తర్వాత ఒకరు చెబుతుంటే రెండోవారు అడ్డు రాకుండా వినండి. బొమ్మ బాగాలేదని మాత్రం ఎవరూ అనకూడదు. కాగితం వెనక తేదీ వేసి పెట్టెలో దాచి, నెల తర్వాత ఇంకొకటి గీసి రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.