ఉద్దానం శ్రామికులలో నడుము నొప్పి: భంగిమ, సమతౌల్యం, పునరావాస చికిత్స

సారాంశం

శ్రీకాకుళం జిల్లాలోని పలాస, టెక్కలి, ఉద్దానం తీరప్రాంతాల జీవనోపాధి చాలావరకు వంగి, కూర్చుని, బరువులెత్తి చేసే పనులతో ముడిపడి ఉంది. ఇటువంటి పనులలో నడుము నొప్పి సహజంగానే ఎక్కువగా వినబడే బాధ. ఇతర ప్రాంతాలలో ఈ బాధకు మొదట గుర్తుకు వచ్చేది నొప్పి మాత్ర. దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి విస్తరించిన ఉద్దానంలో ఆ మాత్రే ప్రమాదకారి కావచ్చు. నడుము నొప్పి శరీర భంగిమను, సమతౌల్యాన్ని ఏ విధంగా మారుస్తుందో వివరించి, ఈ ప్రాంతంలో వ్యాయామ ప్రధానమైన పునరావాసాన్నే తొలి చికిత్సగా ఎందుకు భావించాలో, అందులో తెలుగు భాష పాత్ర ఏమిటో నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: నడుము నొప్పి, భంగిమ, సమతౌల్యం, ఉద్దానం, మూత్రపిండాల వ్యాధి, ఫిజియోథెరపీ, పునరావాసం, నొప్పి పదజాలం.

1. ఉపోద్ఘాతం

తెలుగులో నడుము కేవలం ఒక అవయవం పేరు కాదు. పనికి పూనుకోవడం ‘నడుం బిగించడం’, కాసేపు విశ్రమించడం ‘నడుం వాల్చడం’, కోలుకోలేని దెబ్బ తగలడం ‘నడుం విరగడం’. మనిషి శ్రమను, విశ్రాంతిని, ఓటమిని ఈ భాష నడుముతోనే కొలిచింది. శ్రమజీవి బతుకులో నడుముకు ఉన్న స్థానాన్ని ఈ జాతీయాలు చెబుతున్నాయి.

ప్రపంచవ్యాప్తంగా వైకల్యంతో గడిపే కాలానికి కారణమవుతున్న సమస్యలలో నడుము నొప్పిదే మొదటి స్థానం. 2020లో సుమారు 61.9 కోట్ల మంది దీనితో బాధపడ్డారని, 2050 నాటికి ఈ సంఖ్య 84.3 కోట్లకు చేరవచ్చని 2023లో ‘లాన్సెట్ రుమటాలజీ’ పత్రిక ప్రచురించిన అధ్యయనం అంచనా వేసింది. వీరిలో దాదాపు 90 శాతం మందికి ఎముక విరగడం, కణితి, ఇన్ఫెక్షన్ వంటి నిర్దిష్ట కారణం కనిపించదు. దీనిని ‘నిర్దిష్ట కారణం లేని నడుము నొప్పి’ అంటారు. కారణం కనిపించకపోవడం అంటే బాధ లేదని కాదు. కండరాలు, నాడీవ్యవస్థ, పని పరిస్థితులు, భయాందోళనలు కలిసి ఆ బాధను నిర్మిస్తాయి.

2. ప్రాంతం - పనులు - భంగిమలు

ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాలలో పరచుకొన్న కొబ్బరి, జీడి, పనస తోటల సీమ ఉద్దానం. ఉద్యానవనం అన్న మాట నుండే ఈ పేరు వచ్చిందని చెబుతారు. 2018 అక్టోబర్ 11న తీరం దాటిన తిత్లీ తుపాను ఈ తోటలను నేలమట్టం చేసింది. ఏళ్ల తరబడి ఫలసాయమిచ్చే చెట్లు కూలడంతో తోటలనే నమ్ముకొన్న కుటుంబాల ఉపాధి దెబ్బతిన్నది.

ఇక్కడి పనులను భంగిమల దృష్టితో పరిశీలిస్తే మూడు రకాలు కనిపిస్తాయి. మొదటిది గంటల తరబడి కదలకుండా కూర్చోవడం. పలాస-కాశీబుగ్గ జీడిపప్పు పరిశ్రమలో పిక్కల పెంకు కొట్టడం, పప్పు పైపొర ఒలవడం, పరిమాణాన్ని బట్టి వేరు చేయడం వంటి పనులలో స్త్రీలే అధికం. నేల మీద గానీ, పొట్టి పీట మీద గానీ కూర్చుని, మెడ, నడుము ముందుకు వంచి ఈ పని చేస్తారు. రెండవది పదే పదే వంగడం, మెలితిరగడం. టెక్కలి వైపు వరి పొలాలలో ఊడుపులు, కలుపుతీత, తోటలలో గునపానికి పొడిచి కొబ్బరికాయ పీచు ఒలవడం ఈ కోవకు చెందినవి. మూడవది బరువులెత్తడం, లాగడం. టెక్కలి పరిసరాల గ్రానైట్ క్వారీలలోనూ, భావనపాడు, బారువ తీరాలలో వలలు లాగే చోటా ఈ శ్రమ కనిపిస్తుంది.

3. నొప్పి భంగిమను మార్చే తీరు

మనిషి ముందుకు పూర్తిగా వంగినప్పుడు వెన్ను కండరాలు ఒక దశలో పని ఆపేస్తాయి. అప్పుడు శరీరభారం వెన్నుపూసలను కలిపి ఉంచే స్నాయువుల మీద, వాటి మధ్య ఉండే డిస్కుల మీద పడుతుంది. ఎక్కువసేపు అలాగే ఉంటే స్నాయువులు సాగుతాయి. నిటారుగా నిలబడిన వెంటనే అవి పూర్వపు బిగువుకు రావు. ఇరవై నిమిషాలు పూర్తిగా వంగి ఉన్న తరువాత రెండు నిమిషాల విశ్రాంతితో కోల్పోయిన బిగువులో సుమారు సగమే తిరిగి వస్తుందని ప్రయోగాలలో తేలింది. గంటసేపు ఊడ్చి లేచిన మనిషి ఆ క్షణంలోనే బరువైన నారుకట్ట ఎత్తడం ఎందుకు ప్రమాదమో దీనివల్ల అర్థమవుతుంది.

నొప్పి వచ్చిన తరువాత ఈ వ్యవస్థ మరో విధంగా మారుతుంది. పూర్తిగా వంగినప్పుడు సడలవలసిన వెన్ను కండరాలు చాలామంది రోగులలో సడలవు. నడుమును కాపాడుకోవడానికి శరీరం దానిని కట్టెలా బిగించి ఉంచుతుంది. నొప్పి మొదలైన కొత్తలో ఈ బిగింపు కొంత రక్షణ కల్పిస్తుంది. నెలల తరబడి కొనసాగితే మాత్రం కండరాలు అలసి, అదే కొత్త నొప్పికి మూలమవుతుంది.

లోపలి కండరాల ప్రవర్తన కూడా మారుతుంది. ఆరోగ్యవంతుడు చేయి ఎత్తే ముందే పొట్ట లోపలి పొరలోని ట్రాన్స్‌వర్సస్ అబ్డామినిస్ అనే కండరం బిగుసుకొని వెన్నుకు ఆధారమిస్తుంది. నడుము నొప్పి ఉన్నవారిలో ఈ బిగింపు ఆలస్యమవుతుందని 1996లో హాడ్జెస్, రిచర్డ్‌సన్ చూపారు. అదే ఏడాది హైడ్స్ బృందం మరో విషయాన్ని వెల్లడించింది. వెన్నుపూసలను అంటిపెట్టుకొని ఉండే మల్టిఫిడస్ కండరం నొప్పి ఉన్న వైపు సన్నబడుతుంది. నొప్పి తగ్గినా అది తనంతట తాను పూర్వస్థితికి రాదు. ప్రత్యేక వ్యాయామం చేసినవారిలో ఏడాదిలోపు నొప్పి తిరగబెట్టినవారు 30 శాతం కాగా, చేయనివారిలో 84 శాతమని ఆ బృందం 2001లో ప్రకటించింది. ఇది తక్కువమందితో జరిగిన పరిశోధన. అయినా నొప్పి పోవడం, నడుము బాగుపడడం ఒకటి కావని గుర్తించడానికి ఇది చాలు.

ఇక్కడ ఒక అపోహను తొలగించుకోవాలి. అందరికీ సరిపోయే ‘సరైన భంగిమ’ అంటూ ఒకటి లేదు. బాసింపట్టు వేసుకొని కూర్చోవడం, గొంతుక్కూర్చోవడం వాటంతట అవి దోషాలు కావు. ఏ భంగిమలోనైనా మార్పు లేకుండా గంటలు గడపడమే నడుముకు భారం. కూలి డబ్బు ఒలిచిన పప్పు బరువును బట్టి వచ్చేచోట లేచి నిలబడడమంటే ఆదాయం తగ్గించుకోవడమే. కనుక భంగిమ సమస్య వ్యక్తి అలవాటుకు మాత్రమే పరిమితం కాదు, అది కూలి విధానానికి కూడా సంబంధించినది.

4. సమతౌల్యంపై ప్రభావం

నిలబడిన మనిషి పడిపోకుండా ఉండడానికి మెదడు మూడు మార్గాల నుండి సమాచారం తీసుకొంటుంది. అవి కన్ను, లోచెవి, కండరాలు - కీళ్లు. కళ్లు మూసుకొన్నా మన కాలు, నడుము ఏ స్థితిలో ఉన్నాయో తెలిపే మూడవ మార్గాన్ని ‘శరీరస్థితి జ్ఞానం’ అనవచ్చు. నడుము నొప్పి ఉన్నవారిలో నడుము నుండి వచ్చే ఈ సమాచారం స్పష్టత కోల్పోతుంది. అప్పుడు మెదడు నడుమును పక్కన పెట్టి చీలమండల సమాచారం మీద ఎక్కువగా ఆధారపడుతుందని బ్రూమాన్య్ బృందం పరిశోధనలు సూచించాయి.

గట్టి నేల మీద ఈ లోపం బయటపడకపోవచ్చు. మెత్తటి ఆధారం మీద నిలబెట్టినప్పుడు చీలమండల సమాచారం కూడా నమ్మదగినది కాకపోవడంతో శరీరం ఊగిసలాట పెరుగుతుంది. అన్ని అధ్యయనాలూ ఒకే ఫలితాన్ని ఇవ్వలేదు. కొందరు రోగులు ఎక్కువగా ఊగితే, కొందరు భయంతో బిగుసుకొని మామూలు కంటే తక్కువ కదులుతారు. రెండూ సమతౌల్య లోపానికి రెండు రూపాలే.

ఆసుపత్రి గచ్చు మీద నిలకడగా నిలిచినవాడు ఇసుకలో, బురద గట్టు మీద, అలల మీద ఊగే పడవలో నిలవలేకపోవచ్చు. అలివి వల లాగే మత్స్యకారుడికి కాళ్ల కింద ఇసుక జారుతూ ఉంటుంది. కొబ్బరి చెట్టెక్కే కూలీకి క్షణకాలం పట్టు తప్పితే ప్రాణం మీదికి వస్తుంది. అందువల్ల ఈ ప్రాంతంలో సమతౌల్య పరీక్ష గట్టి నేలతో ఆగకూడదు. కళ్లు మూయించి, మెత్తటి పరుపు మీద, ఒంటికాలి మీద నిలబెట్టి చూడడం అవసరం. వృద్ధులకు, అనారోగ్యంతో బలహీనపడినవారికి పక్కన మనిషి ఆసరా ఉండాలి.

5. నొప్పి మాత్ర - మూత్రపిండం

ఉద్దానం పేరు వైద్యలోకానికి తెలిసింది కారణం తేలని దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి వల్ల. 2019లో ప్రచురితమైన ఒక సర్వేలో పరీక్షించిన వయోజనులలో సుమారు 18 శాతం మందికి ఈ వ్యాధి ఉన్నట్లు తేలింది. 2023 డిసెంబర్ 14న పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి.

డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాల ఉత్పత్తిని అడ్డుకొని నొప్పిని తగ్గిస్తాయి. మూత్రపిండానికి రక్తాన్ని చేరవేసే సూక్ష్మనాళాలను తెరిచి ఉంచేవి కూడా ఈ ప్రోస్టాగ్లాండిన్లే. ఎండలో పనిచేసి ఒంట్లో నీరు తగ్గినవారికి, మూత్రపిండాలు అప్పటికే దెబ్బతిన్నవారికి ఈ రక్షణ చాలా అవసరం. మాత్ర దానిని తొలగించగానే వడపోత పడిపోతుంది. వడపోత రేటు 60 కంటే తక్కువగా ఉన్నవారు ఈ మాత్రలను దీర్ఘకాలం వాడరాదని, 30 కంటే తక్కువైతే అసలే వాడరాదని అంతర్జాతీయ మూత్రపిండ వైద్య మార్గదర్శకాలు 2012లో సూచించాయి. ఉద్దానం వ్యాధికి నొప్పి మాత్రలే మూలమని నిర్ధారణ కాలేదు. కానీ వ్యాధి ఉన్న శరీరానికి అవి చేసే హాని నిర్ధారితమైనదే. ఈ వ్యాధి తొలి దశలలో లక్షణాలేవీ కనబడవు కనుక, తనకు వ్యాధి ఉన్నదని తెలియకుండానే కూలీ మందుల దుకాణంలో మాత్ర కొనే ప్రమాదం ఉంది.

దీనికి ఎదురుగా మరో పొరపాటు ఉంది. నడుము నొప్పి రాగానే ‘కిడ్నీ పోయింది’ అని భయపడడం. కదలికను బట్టి పెరిగే, తగ్గే నొప్పి సాధారణంగా కండరాలకు, వెన్నుకు సంబంధించినది. మూత్రపిండాల నొప్పి పక్కటెముకల కింద, పక్కభాగంలో ఉండి భంగిమ మార్చినా పెద్దగా మారదు. దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధిలో చాలాకాలం నొప్పే ఉండదు. కాబట్టి నొప్పిని బట్టి మూత్రపిండాల స్థితిని ఊహించరాదు. రక్తంలో క్రియాటినిన్, మూత్ర పరీక్షలే అందుకు ఆధారం. నొప్పి రాగానే కిడ్నీ జబ్బని భయపడినవారు కదలడం మానేస్తారు, కదలకపోతే కండరాలు మరింత క్షీణిస్తాయి.

6. పునరావాస చికిత్స

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో దీర్ఘకాలిక నడుము నొప్పిపై మార్గదర్శకాలు విడుదల చేసింది. రోగికి అవగాహన కల్పించడం, వ్యాయామం, కొన్ని రకాల చేతి చికిత్సలు, మానసిక చికిత్సలు వాటిలో సిఫారసులు. నడుము బెల్టులు, వెన్నును లాగే ట్రాక్షన్, ఓపియాయిడ్ మందులు సాధారణ వాడకానికి తగవని అందులో ఉంది. స్టెరాయిడ్ రహిత నొప్పి మాత్రలను షరతులతో అనుమతించింది. ఆ అనుమతి ఉద్దానానికి యథాతథంగా వర్తించదు. ఇతర చోట్ల వ్యాయామం మాత్రకు తోడు. ఇక్కడ వ్యాయామమే ముందుండాలి, మాత్ర మూత్రపిండాల పరీక్ష తరువాత, వైద్యుని నిర్ణయం మీద మాత్రమే రావాలి.

పునరావాసాన్ని మూడు మెట్లుగా చూడవచ్చు. మొదటి మెట్టులో బిగుసుకొన్న నడుమును సడలించి, లోపలి కండరాలను మళ్లీ పనిలోకి తేవాలి. మెల్లగా ఊపిరి వదులుతూ పొత్తికడుపును లోపలికి తీసుకోవడం, వెల్లకిలా పడుకొని మోకాళ్లు మడిచి పిరుదులు ఎత్తడం ఇందుకు తోడ్పడతాయి. రెండవ మెట్టు సమతౌల్యం. గట్టి నేల నుండి మెత్తటి నేలకు, రెండు కాళ్ల నుండి ఒంటికాలికి, తెరిచిన కళ్ల నుండి మూసిన కళ్లకు క్రమంగా సాగాలి. మూడవ మెట్టు రోగి తన పనికి తిరిగి వెళ్లడం. మత్స్యకారుడికి లాగే పని, కొబ్బరి కూలీకి వంగి మెలితిరిగే పని చికిత్సలో భాగంగా కొద్దికొద్దిగా అలవాటు చేయాలి. జీడి కార్మికురాలి విషయంలో పని బల్ల ఎత్తు, అరగంటకొకసారి లేవడం, పీట మార్చడం కూడా చికిత్సే.

ఖర్చు లేని సాధనం నడక. నొప్పి నుండి కోలుకొన్న 701 మందితో ఆస్ట్రేలియాలో జరిగి 2024లో ‘లాన్సెట్’లో వెలువడిన పరిశోధనలో, క్రమపద్ధతిలో నడక, అవగాహన పొందినవారికి నొప్పి తిరగబెట్టడానికి మధ్యస్థంగా 208 రోజులు పట్టింది. ఏ చికిత్సా పొందనివారికి 112 రోజులు. రోజంతా పొలంలో తిరిగేవారికి మళ్లీ నడక ఎందుకని అడగవచ్చు. బరువు మోస్తూ, వంగి, తొందరలో తిరగడం వేరు. వేగాన్ని, దూరాన్ని తానే నిర్ణయించుకొని నిటారుగా నడవడం వేరు.

మూత్రపిండాల వ్యాధిగ్రస్తులకు కూడా తగిన వ్యాయామం మేలు చేస్తుంది. అయితే వారి ఎముకలు, కండరాలు బలహీనంగా ఉండవచ్చు కాబట్టి వైద్యుని సలహాతో తక్కువ మోతాదులో ప్రారంభించాలి. చెట్టు మీద నుండి పడిన తరువాత వచ్చిన నొప్పి, జ్వరం, బరువు తగ్గడం, కాళ్లలో పెరిగే బలహీనత, మలమూత్రాలపై అదుపు తప్పడం, తొడల మధ్య స్పర్శ పోవడం వంటి లక్షణాలు ఉంటే వ్యాయామం ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

7. నొప్పిని చెప్పే భాష

పునరావాసం ఎంత ఫలించిందో తెలుసుకోవడానికి వైద్యులు ప్రశ్నావళులను వాడతారు. 1980 నాటి ఆస్వెస్ట్రీ సూచిక వాటిలో ప్రసిద్ధం. కూర్చోవడం గురించి అందులోని ప్రశ్న ఏ కుర్చీలోనైనా ఎంతసేపు కూర్చోగలరన్న దాని చుట్టూ తిరుగుతుంది. పీట మీద పప్పు ఒలిచే స్త్రీకి ఆ ప్రశ్నను మాటకు మాటగా అనువదిస్తే ఆమె కష్టం కొలతకు అందదు. ‘పీట మీద నుండి చేయి ఆనించకుండా లేవగలరా’, ‘ఒక చాలు ఊడ్చే వరకు నడుం ఎత్తకుండా ఉండగలరా’ అన్న ప్రశ్నలకు ఆమె సమాధానం చెప్పగలదు.

నొప్పి స్వభావాన్ని తెలిపే పదాలు తెలుగులో సమృద్ధిగా ఉన్నాయి. ‘పట్టేసింది’ అన్నమాట కండరాల బిగింపును, ‘పీకుతోంది’ అలసటను, ‘జివ్వున లాగుతోంది’ కాలిలోకి దిగే నరాల బాధను, ‘మొద్దుబారింది’ స్పర్శలోపాన్ని సూచించవచ్చు. వీటన్నింటినీ ‘నొప్పి’ అనే ఒక్క మాటగా నమోదు చేస్తే చికిత్సకు పనికివచ్చే తేడా పోతుంది. ప్రాంతీయ పదాలను సేకరించి, ఫిజియోథెరపిస్టులతో కలిసి తెలుగు ప్రశ్నావళులను రూపొందించడం విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు చేపట్టదగిన పని. ‘నడుం బిగించడం’ పట్టుదలకు ప్రశంస అయిన భాషలో, నడుము సడలించడమే చికిత్స అని రోగికి నచ్చజెప్పడానికి కూడా భాషాజ్ఞానం కావాలి.

8. ముగింపు

నడుము నొప్పి కండరాల క్రమాన్ని మారుస్తుంది, శరీరాన్ని బిగదీస్తుంది, నిలకడను దెబ్బతీస్తుంది. నొప్పి తగ్గినా ఈ మార్పులు వాటంతట అవి సరికావు. వాటిని సరిచేసేది మాత్ర కాదు, వ్యాయామం. ఉద్దానంలో ఈ సూత్రానికి మూత్రపిండాల రక్షణ అన్న మరో బలమైన కారణం తోడవుతుంది. కాబట్టి డయాలసిస్ పడకలతో పాటు గ్రామ స్థాయిలో ఫిజియోథెరపీ సేవలు, మాత్ర ఇచ్చే ముందు క్రియాటినిన్ పరీక్ష, జీడి పరిశ్రమలలో పని మధ్య విరామం, తెలుగులో రూపొందిన ప్రశ్నావళులు ఈ ప్రాంతానికి అవసరం. అవి అమలులోకి వస్తే నడుముకు ఉపశమనం కోసం మూత్రపిండాలను పణంగా పెట్టే పరిస్థితి ఇక్కడి శ్రామికులకు తప్పుతుంది.