ఆత్మరక్షణ: ఇంటాయనకో లెక్క, ఖాకీకో లెక్క

తిరువూరు దగ్గరి నెమలి పేరు చెబితే అందరికీ వేణుగోపాలస్వామి గుడే గుర్తొస్తుంది. ఆ ఊళ్లో ఓ అర్ధరాత్రి దొంగ తలుపు పగలగొట్టి, కత్తితో ఇంట్లోకి చొరబడ్డాడనుకుందాం. ఇంటాయన చేతికందిన గొడ్డలితో కొట్టాడు. దొంగ చచ్చిపోయాడు. ఇప్పుడు ఇంటాయన హంతకుడా?

కాకపోవచ్చు. 1860 నాటి శిక్షాస్మృతి స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 34 నుంచి 44 వరకు సెక్షన్లలో ఆత్మరక్షణ హక్కును ఉంచింది. చీకటి పడ్డాక ఇల్లు పగలగొట్టి చొరబడేవాణ్ని అడ్డుకునే క్రమంలో ప్రాణం తీసినా, 41వ సెక్షన్ కాపాడుతుంది. దాడి జరుగుతుంటే పిరికివాడిలా పారిపోనక్కర్లేదని 2010లో దర్శన్‌సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ దొంగను స్తంభానికి కట్టేశాక చావగొడితే ఆ రక్షణ ఉండదు. అవసరానికి మించిన దెబ్బ ఒక్కటి కూడా వేయకూడదంటుంది 37వ సెక్షన్.

ఇంటాయన ఈ మాటలన్నీ చెప్పుకోవాల్సింది మాత్రం కోర్టులో. ముందు కేసు, దర్యాప్తు, బెయిలు, వాయిదాలు. ప్రాణం కాపాడుకోవడానికే కొట్టానని చూపించే భారం అతనిదే. అదృష్టం కొద్దీ, అనుమానానికి తావే లేకుండా రుజువు చేయనక్కర్లేదు. అలాగే జరిగి ఉంటుందని కోర్టుకు అనిపిస్తే చాలు.

మరి తుపాకీ పట్టింది పోలీసయితే? చట్టంలో ఖాకీకంటూ వేరే ఆత్మరక్షణ లేదు. ఆచరణలో మాత్రం ఉంది. ఎన్‌కౌంటర్ జరగ్గానే చనిపోయినవాళ్ల మీదే హత్యాయత్నం కేసు పెడతారు. నిందితులు బతికి లేరు కాబట్టి ఫైలు మూసేస్తారు. కాల్చినవాళ్ల మాటే తీర్పయిపోతుంది.

ఈ పద్ధతి మీద గట్టిగా పోరాడింది తెలుగునేలే. ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం ఫిర్యాదుపైనే 1996లో జాతీయ మానవహక్కుల కమిషన్ ఆదేశాలిచ్చింది. మరుసటి ఏడాది కమిషన్ అధ్యక్షుడు జస్టిస్ వెంకటాచలయ్య అన్ని రాష్ట్రాల ముఖ్యమంత్రులకూ లేఖ రాశారు. 2009 ఫిబ్రవరి 6న ఉమ్మడి రాష్ట్ర హైకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇంకో మెట్టు ఎక్కింది: ఎన్‌కౌంటర్ మరణంపై ఎఫ్‌ఐఆర్ తప్పదు, ఆత్మరక్షణ అన్న వాదన తేలాల్సింది విచారణలోనే అని చెప్పింది. అంటే నెమలి ఇంటాయనకున్న నియమమే. పోలీసు అధికారుల సంఘం సుప్రీంకోర్టుకెళ్లి ఆ ఏడాదే స్టే తెచ్చుకుంది. 2014లో సుప్రీంకోర్టే 16 మార్గదర్శకాలిచ్చింది. సీఐడీ లేదా వేరే స్టేషన్ పోలీసులతో దర్యాప్తు, మేజిస్టీరియల్ విచారణ, ఘటన జరిగిన వెంటనే పదోన్నతులూ పతకాలూ ఇవ్వకపోవడం వాటిలో ఉన్నాయి.

2019 డిసెంబరు 6న షాద్‌నగర్ సమీపంలోని చటాన్‌పల్లిలో ‘దిశ’ అత్యాచారం, హత్య కేసు నిందితులు నలుగురూ కస్టడీలో ఉండగానే పోలీసు కాల్పుల్లో చనిపోయారు. పిస్టళ్లు లాక్కుని కాల్పులకు దిగారని పోలీసులు చెప్పారు. జనం పోలీసులపై పూలు చల్లారు. ఆడపిల్లకు జరిగిన ఘోరం తలుచుకుంటే ఆ ఆవేశం అర్థమవుతుంది గానీ, ఆ పూలు సాక్ష్యం కావు. సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ పోలీసుల కథనాన్ని నమ్మలేదు. పదిమంది పోలీసులను హత్యా నేరం కింద విచారించాలని సిఫార్సు చేసింది. 2022 మేలో సుప్రీంకోర్టు ఆ నివేదికను బయటపెట్టి, తదుపరి చర్యలను తెలంగాణ హైకోర్టుకు అప్పగించింది.