మూడు రంగుల ముచ్చట – తేలియా రుమాలు

మా బంధువుల ఇంట నికాహ్ కుదిరినప్పుడు, వరుని భుజాన వేయడానికి తేలియా రుమాలు కావాలని పెద్దలు కోరారు. హాలియా బజారులో ఎరుపు, నలుపు, తెలుపు గడుల వస్త్రమొకటి చవకగా దొరికింది. సంతోషంగా ఇంటికి తెచ్చాము. మా ఆపా దానిని తిరగేసి చూసింది. వెనుకవైపు రంగులు వెలవెలబోతున్నాయి.

“మౌల్వీ సాబ్! పిల్లల పాఠంలో జేరు, జబరు తప్పితే పట్టుకుంటావు. బట్టను మాత్రం తిరగేసి చూడవా? ఇది నేత కాదు, అచ్చు” అన్నది.

ఆనాటి సిగ్గే మాకు ఈ విషయాలు నేర్పింది.

తేలియా రుమాలుకు పుట్టినిల్లు చీరాల. నేడు దానిని నిలబెడుతున్నది మన పాత నల్గొండ జిల్లాలోని పుట్టపాక. 2016 నుండి ఆ గ్రామం యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉంది. ‘రుమాల్’ ఫారసీ పదం. ‘రూ’ అంటే ముఖం, ‘మాల్’ అంటే తుడిచేది. నూలును నూనెతో పదును చేస్తారు గనుక ఇది ‘తేలియా’. ఆముదపు కాయల పొట్టు కాల్చిన బూడిద నీటిలో నూనె కలిపి, దారాన్ని రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఎండబెడతారు. దానితో దారం మెత్తబడి, రంగును గట్టిగా పట్టుకుంటుంది. ఎండలో తలకు చుట్టుకుంటే చల్లగా ఉంటుందని పేరు. పూర్వం ఇది సముద్రం దాటి అరబ్బు దేశాలకు, తూర్పు ఆఫ్రికాకు తలగుడ్డగా వెళ్లింది. హైదరాబాద్ నవాబుల కుటుంబాల స్త్రీలు దీనిని దుపట్టాగా ధరించారు.

ఇందులో ఉండే రంగులు మూడే. తెలుపు నూలు సహజ వర్ణం. అది నిలవవలసిన చోట దారాన్ని బిగించి కట్టి, ఎరుపులో ముంచుతారు. ఎర్రగా ఉండవలసిన చోటును కూడా కట్టి, నలుపులో ముంచుతారు. పడుగుకూ పేకకూ రెండింటికీ ఇలాగే అద్దకం వేసి, మగ్గం మీద గడికి గడి కలిపి నేస్తారు. ఒక్క దారం జరిగితే బొమ్మ చెదురుతుంది. రంగు దారంలోనే ఉంటుంది గనుక బట్టకు ముందు, వెనుక అనే తేడా ఉండదు.

దివ్య ఖుర్ఆన్ ఫాతిర్ సూరా 27వ ఆయత్‌లో పర్వతాల తెల్లని, ఎర్రని, కారునల్లని చారల ప్రస్తావన ఉంది. ఆ మూడు వర్ణాలే ఈ రుమాలులోనూ కనిపించడం మాకు ఎంతో ఆహ్లాదం కలిగించింది.

గృహిణులు ఈ రుమాలు నుండి ఒక పద్ధతి గ్రహించవచ్చు. గాఢమైన రంగులు మూడూ సమానంగా పోటీపడితే కన్ను అలసిపోతుంది. ఒకటి పరచుకోవాలి, ఒకటి హద్దు గీయాలి, ఒకటి మెరవాలి. గోడలకు తెలుపు, తలుపు చట్రాలకు నలుపు, దస్తర్‌ఖాన్‌కో దిండు గలేబులకో ఎరుపు చాలు. దుస్తులలోనూ అంతే: తెల్లని కుర్తాపై ఒక్క తేలియా రుమాలు ఉంటే వేరే అలంకారం అక్కరలేదు. ఇస్రాఫ్‌కు తావులేని అందమిది.

ఈ కళకు గౌరవాలు లేకపోలేదు. పుట్టపాకకు చెందిన గజం గోవర్ధన్ 2011లో పద్మశ్రీ అందుకున్నారు. 2020లో తేలియా రుమాలుకు భౌగోళిక గుర్తింపు లభించింది. అయినా అచ్చు బట్ట గంటలలో తయారై, నేత బట్ట పేరుతోనే అమ్ముడుపోతున్నది. తెలియక కొన్న మావంటివారమూ ఆ నష్టంలో భాగస్థులమే.

చివరకు పెళ్లి దీపాల ఖర్చు కొంత తగ్గించి, నేతగాని వద్దనే ఒక రుమాలు కొన్నాము. ఆపా దానినీ తిరగేసి చూసింది. ఈసారి ఏమీ అనలేదు. మడతపెట్టి వరుని చేతికిచ్చింది.

పాఠకులారా! మీరు కూడా కొనే ముందు తిరగేసి చూడండి.