సైన్యపు లారీలో విద్యుద్దోషము

రెండవ ప్రపంచయుద్ధమున అమెరికా సైన్యమునకై 1941 మొదలు 1945 వఱకు జీ.ఎం.సి. వారు నిర్మించిన రెండున్నర టన్నుల సి.సి.కె.డబ్ల్యు. లారీలు అయిదు లక్షలకు పైబడినవి. మిగులుసరకుగా అమ్ముడుపోయిన వానిలో కొన్ని నేటికిని అభిమానుల పోషణలో నున్నవి. స్టార్టరును త్రొక్కగా ఇంజను ఒకమాఱు మూల్గి ఆగిపోవుట వీనికి గల సామాన్యరోగము.

వెంటనే బ్యాటరీని నిందించి క్రొత్తది కొనువారు పెక్కురు. వ్యాకరణము చెప్పి బ్రదికిన నాకు ఈ తొందర నచ్చదు. కారణమును నిశ్చయించుటకు అన్వయవ్యతిరేకములు రెండును కావలెను గదా!

ఈ లారీది 6 వోల్టుల బ్యాటరీ. స్టార్టరు 200 ఆంపియరులు కోరునప్పుడు, దారిలో 0.01 ఓము నిరోధమున్నను 2 వోల్టులు, అనగా మూడవపాలు, అచ్చటనే హరించును. ఈ దొంగ తఱచుగా దాగుచోటు బ్యాటరీనుండి చట్రమునకు బోవు తీగమొదలు. అచ్చటి బోల్టుక్రింది రంగును త్రుప్పును విద్యుత్తున కడ్డుపడును.

గేరును తటస్థమున నుంచి, చేతిబ్రేకు వేయుడు. వోల్టుమీటరు తీగనొకదానిని బ్యాటరీ కొమ్మునకే, రెండవదానిని చట్రపు వట్టిలోహమునకు ఆనించి, వేఱొకరిచే స్టార్టరును త్రొక్కింపుడు. ముల్లు అర వోల్టు దాటెనా, దోషమచ్చటనే కలదు, ఇది అన్వయము. గీకి బిగించిన పిమ్మట ముల్లు పడిపోయి ఇంజను చుఱుకుగా తిరిగినచో వ్యతిరేకమును సిద్ధించినది. ముల్లు మొదటనే కదలకున్నచో, ఇదే పరీక్షను స్టార్టరునకు బోవు తీగపై చేయవలెను. బ్యాటరీవంతు ఆ తరువాతనే.

తీగలు విప్పునపుడు చట్రపుతీగనే ముందు విప్పుడు. రెండవదానిని ముందు విప్పబోయి పానా చట్రమునకు తగిలినచో నిప్పులు రాలును. బ్యాటరీనుండి వెలువడు ఉదజనికి ఒక్క రవ్వ చాలును.