కాలువ గట్టు మీద సైకిలు ప్రయాణం: కుటుంబ సభ్యులు తెలుసుకోవలసిన సంగతులు

అమెరికాలోని వాషింగ్టన్ నగరం చుట్టుపక్కల, మేరీలాండ్, వర్జీనియా రాష్ట్రాలలో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. పిల్లల దగ్గరకు వెళ్ళిన తల్లిదండ్రులను అక్కడి పాత కాలువ గట్టు మీదికి సైకిలు తొక్కడానికి రమ్మంటారు. "దారంతా చదునే, నాన్నగారు కూడా రావచ్చు" అంటారు. నాన్నగారికి షుగరు వ్యాధి ఉంటే? రెండేళ్ళ క్రితం గుండె ఆపరేషన్ జరిగి ఉంటే? భయపడి పూర్తిగా మాన్పించడం సరికాదు. చదునే కదా అని ఎంత దూరమైనా పంపించడమూ సరికాదు.

ఆ కాలువ కథ

దాని పేరు చెసపీక్ అండ్ ఒహాయో కాలువ. 1828 జూలై 4న తవ్వకం మొదలైంది. 1832లో కూలీలలో కలరా వ్యాపించి ఎందరో చనిపోయారు. పొటోమాక్ నది వెంట జార్జ్‌టౌన్ నుంచి కంబర్లాండ్ వరకు కాలువ పూర్తయ్యేసరికి 1850 వచ్చింది. అప్పటికే రైలు కంబర్లాండ్ చేరి 8 ఏళ్ళయింది. అయినా 1924లో వరదలు దెబ్బతీసే వరకు ఈ కాలువలో బొగ్గు పడవలు నడిచాయి.

మన గోదావరి, కృష్ణా కాలువల మీద మనుషులు గట్టున నడుస్తూ తాడుతో పడవలు లాగినట్లే, అక్కడ కంచర గాడిదలు లాగేవి. అవి నడిచిన గట్టే నేటి సైకిలు దారి. పొడవు 184.5 మైళ్ళు, అంటే సుమారు 297 కిలోమీటర్లు. మట్టి, సన్న కంకర పరిచిన దారి. 74 లాకులతో మొత్తం 605 అడుగులే ఎక్కుతుంది. సగటున కిలోమీటరుకు రెండు అడుగులు మాత్రమే.

ఈ కాలువ వెంట మోటారు రోడ్డు వేయాలనే ప్రతిపాదన ఒకప్పుడు వచ్చింది. దాన్ని వ్యతిరేకిస్తూ 1954లో సుప్రీంకోర్టు న్యాయమూర్తి విలియం డగ్లస్ కంబర్లాండ్ నుంచి వాషింగ్టన్ వరకు 8 రోజులు నడిచారు. అప్పుడు ఆయన వయసు 55. బయలుదేరిన వారిలో మొత్తం దూరం నడిచినది ఆయనతో కలిపి 9 మందే. రోడ్డు ఆలోచన ఆగిపోయింది. 1971లో ఇది జాతీయ చారిత్రక ఉద్యానవనం అయింది.

చదునైన దారిలో అలసట ఎందుకు?

ఎత్తుపల్లాలున్న దారిలో ఎక్కేటప్పుడు శ్రమ ఉంటుంది, దిగేటప్పుడు కాళ్ళకు విశ్రాంతి దొరుకుతుంది. ఇక్కడ దిగుడు దాదాపు లేదు కాబట్టి గంటల తరబడి తొక్కుతూనే ఉండాలి. పైగా కంకరలో చక్రం తేలికగా సాగదు. తారు రోడ్డు మీద పట్టే శ్రమ కంటే ఇక్కడ ఎక్కువ పడుతుంది. వాన పడితే బురద అవుతుంది. ఊపిరి అందకపోవడం వంటి హెచ్చరిక ముందుగా రాదు. శరీరం కొద్దికొద్దిగా అలసిపోయి, ఇల్లు దూరమయ్యాక తెలుస్తుంది.

ఒకే భంగిమలో కూర్చోవడం వల్ల ఈ బాధలు వస్తాయి:

1. చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కడం: హ్యాండిల్ మీద అరచేతి నరం నలగడం దీనికి కారణం. చేతులు పట్టుకునే చోటు తరచూ మార్చాలి. మెత్తని గ్లవ్స్ వేసుకోవాలి.

2. సీటు వద్ద ఒరుపు, మొద్దుబారడం: పది పదిహేను నిమిషాలకొకసారి సీటు మీద నుంచి కాసేపు లేవాలి. బట్టలు తడిగా ఉండకూడదు.

3. మోకాలి నొప్పి: పెడలు కిందికి వచ్చినప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగేలా సీటు ఎత్తు ఉంచాలి. బరువైన గేరు కంటే తేలిక గేరు మంచిది.

షుగరు వ్యాధి ఉన్నవారు

ఇన్సులిన్ లేదా షుగరును బాగా తగ్గించే మాత్రలు వాడేవారికి తొక్కేటప్పుడే కాక, ఆ రాత్రి నిద్రలో కూడా షుగరు పడిపోవచ్చు. బయలుదేరే ముందు పరీక్షించుకోండి. 100 కంటే తక్కువ ఉంటే ముందు కొంచెం తినాలి. చెమటలు, వణుకు, తికమక కనిపిస్తే వెంటనే ఆపి మూడు నాలుగు చెంచాల పంచదార ఇవ్వండి. 15 నిమిషాల తర్వాత మళ్ళీ పరీక్షించండి. పాదాలలో స్పర్శ తగ్గినవారు ఇంటికి రాగానే పాదాలు చూసుకోవాలి.

గుండె జబ్బు, రక్తపోటు ఉన్నవారు

గుండెపోటు లేదా బైపాస్ జరిగినవారు తమ డాక్టరు అనుమతి లేకుండా మొదలుపెట్టకూడదు. అవసరమైతే ఆయన ట్రెడ్‌మిల్ పరీక్ష చేయిస్తారు. బీటా బ్లాకర్ మందులు వాడేవారికి శ్రమ పడినా నాడి అంతగా పెరగదు. కాబట్టి నాడి లెక్కను నమ్ముకోకండి. మాట్లాడుతూ తొక్కగలిగితే వేగం సరిపోయినట్లే. మాటకు ఊపిరి అందకపోతే తగ్గించాలి. ఛాతీలో బరువు, కళ్ళు తిరగడం, గుండె దడ వస్తే వెంటనే ఆపి సహాయం పిలవాలి. అక్కడ అత్యవసర నంబరు 911.

ఎంత దూరం?

ఆరోగ్యవంతులు మొత్తం దారిని 5 రోజుల్లో ముగించాలన్నా రోజుకు 60 కిలోమీటర్లు తొక్కాలి. అందుకు కొన్ని వారాల ముందు నుంచే సాధన కావాలి. దారిలో పా పా సొరంగం 3,118 అడుగుల పొడవున చీకటిగా ఉంటుంది. అక్కడ టార్చి వెలిగించుకుని సైకిలు నడిపించుకుంటూ వెళ్ళాలి.

జబ్బు నుంచి కోలుకున్నవారికి మొత్తం దారి అక్కరలేదు. జార్జ్‌టౌన్ నుంచి ఫ్లెచర్స్ కోవ్ వరకు సుమారు 5 కిలోమీటర్లు. వెళ్ళి వస్తే 10. డాక్టరు అనుమతి ఉన్నవారికి మొదటి రోజుకు అది చాలు. ఎంత దూరం వెళితే అంత దూరం తిరిగి రావాలి కనుక, ఓపిక సగం ఉండగానే వెనక్కి తిరగండి.

హెల్మెట్, తాగునీరు, మందుల చీటీ వెంట ఉండాలి. ఒంటరిగా పంపకండి. గడ్డిలో, పొదల్లో పిడుదులు ఉంటాయి. వాటి కాటు వల్ల లైమ్ వ్యాధి రావచ్చు. ఇంటికి వచ్చాక ఒళ్ళంతా చూసుకుని, పిడుదు కనిపిస్తే సన్నని పట్టకారుతో చర్మానికి ఆనించి నేరుగా పైకి లాగండి. తర్వాత రోజుల్లో జ్వరం గాని, వ్యాపించే ఎర్రని మచ్చ గాని కనిపిస్తే డాక్టరుకు చూపించండి.

ప్రయాణానికి ముందు డాక్టరును ఈ రెండు ప్రశ్నలు అడగండి: "ఈయన ఎంతసేపు తొక్కవచ్చు? ఆ రోజు మందులు, ఇన్సులిన్ మార్చాలా?" జవాబు కాగితం మీద రాయించుకుని, వెంట వెళ్ళేవారి చేతికి ఇవ్వండి.