మీకు తెలుసా? రుచి పాఠాలు గర్భంలోనే మొదలవుతాయి

బిడ్డకు రుచుల పరిచయం అన్నప్రాశన నాడు మొదలవదు. తల్లి తిన్న వెల్లుల్లి, సోంపు, క్యారెట్ వంటి పదార్థాల వాసనలు గర్భంలో శిశువు చుట్టూ ఉండే ఉమ్మనీటిలోకీ, కాన్పు తరువాత చనుబాలలోకీ చేరతాయి గనుక, ఆ ఇంటి వంట బిడ్డకు పుట్టకముందే కొంత తెలిసి ఉంటుంది. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఉన్న మోనెల్ కెమికల్ సెన్సెస్ సెంటర్ శాస్త్రవేత్త జూలీ మెనెల్లా సహచరులతో కలిసి 2001లో ప్రచురించిన ప్రయోగంలో, కొందరు గర్భిణులు చివరి నెలల్లో వారానికి 4 రోజుల చొప్పున 3 వారాలపాటు క్యారెట్ రసం తాగగా, వారి పిల్లలు ఘనాహారం మొదలుపెట్టిన తరువాత క్యారెట్ రుచి కలిపిన జావను మామూలు జావకంటే తక్కువగా ముఖం చిట్లిస్తూ తిన్నారు.

తీపిపై మక్కువ, చేదుపై వెగటు మాత్రం పుట్టుకతో వచ్చేవే.

రెండేళ్ల ప్రాయంలో చాలామంది పిల్లలు తెలియని పదార్థాన్ని నోట పెట్టనివ్వరు. దీనిని ‘కొత్త ఆహార భయం’ అనవచ్చు. ఇది మొండితనం కాదు, ఎదుగుదలలో ఒక దశ. నాలుక కొస నుంచి ఉమ్మేసిన కాకరకాయ ముక్కనే బలవంతం లేకుండా, గోరంత పరిమాణంలో, వేర్వేరు రోజుల్లో 8 నుంచి 15 సార్లు రుచి చూపిస్తే ఎందరో పిల్లలు దానిని అంగీకరిస్తారు. కానీ మూడు నాలుగు సార్లకే పెద్దలు ఆశ వదులుకోవడం విచారకరం. కూర తింటే చాక్లెట్ ఇస్తామని ఆశ పెట్టినప్పుడు పెరిగేది చాక్లెట్‌పై ఇష్టమే, కూరపై కాదు.